గణిత సూత్రాలకు ఫాంటు: ముందు చూడాల్సింది అతి చిన్న అక్షరం

మామూలు పాఠానికి ఫాంటు ఎంచుకోవాలంటే ఒక పేరా పెట్టి చదివి చూస్తే చాలావరకు తేలిపోతుంది. గణిత సూత్రాల దగ్గర అలా తేలదు. పేరాలో అక్షరాలన్నీ ఒకే సైజు. సూత్రంలో మూడు సైజులు: మామూలు వరుస, దాని మీద ఘాతాంకం, ఆ ఘాతాంకం మీద ఇంకో ఘాతాంకం. సూత్రాలను అచ్చుకు పేర్చే టెక్ అనే ప్రోగ్రాం సంప్రదాయంలో రెండోది మొదటి సైజులో 70 శాతం, మూడోది 50 శాతం. పాఠం 16 పిక్సెళ్లు అనుకుంటే ఘాతాంకం 11.2 పిక్సెళ్లు, దాని నెత్తిన ఉన్నది 8 పిక్సెళ్లు.

ఆ 8 పిక్సెళ్లు కూడా ఫాంటు సైజే, అక్షరం ఎత్తు కాదు. టెక్‌తో వచ్చే కంప్యూటర్ మోడర్న్ ఫాంటులో చిన్నబడి ఎక్స్ ఎత్తు ఫాంటు సైజులో 0.431 వంతు. అంటే ఆ అక్షరానికి చివరికి దక్కేది దాదాపు మూడున్నర పిక్సెళ్లు. ఇటాలిక్ 'వి'కీ గ్రీకు 'న్యూ'కీ, 'ఎ'కీ 'ఆల్ఫా'కీ తేడా ఆ మూడున్నర పిక్సెళ్లలోనే తెలియాలి. పెద్ద సైజులో ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడ తడబడే ఫాంటు సూత్రాలకు పనికిరాదు. అందుకే ఎంపిక అక్కడే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఓపెన్‌టైప్ అనే ఫార్మాటులో చేసిన గణిత ఫాంట్లలో ఈ శాతాలను ఫాంటే చెబుతుంది. స్పెసిఫికేషన్ సూచించే విలువలు 80, 60. మూడో అంతస్తుకు 50 బదులు 60 ఉంటే 16 పిక్సెళ్ల పాఠంలో ఆ అక్షరం 9.6 పిక్సెళ్లకు పెరుగుతుంది. కాగితం మీద ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. స్క్రీన్ మీద చదవగలగడానికీ, లేకపోవడానికీ మధ్య తేడా అదే. ఫాంటు తెరిచినప్పుడు నేను మొదట చూసే రెండు అంకెలు ఇవి.

గీత పిక్సెల్ కన్నా సన్నబడితే

సూత్రం అనగానే చాలామంది మనసులో మెదిలే రూపం కంప్యూటర్ మోడర్న్‌దే. 1970ల చివర్లో డొనాల్డ్ క్నూత్ టెక్ కోసం తయారుచేసిన ఫాంటు కుటుంబం అది, అచ్చు పుస్తకం కోసం చేసినది. 10 పాయింట్ల సైజులో దాని చిన్నబడి అక్షరాల నిలువు గీత మందం పాయింటులో 25/36 వంతు, సన్నగీత 9/36 వంతు. అంటే సన్నగీత ఫాంటు సైజులో 0.025 వంతే. కాగితం మీద సిరా కొంచెం పాకుతుంది కాబట్టి ఆ సన్నగీత నిలబడుతుంది. స్క్రీన్ మీద పాకడానికి సిరా లేదు. 16 పిక్సెళ్ల సైజులో నిలువు గీతకు 1.1 పిక్సెల్, సన్నగీతకు 0.4 పిక్సెల్ వస్తాయి. పిక్సెల్‌లో సగమైనా లేని గీతను స్క్రీన్ బూడిదరంగులో మాత్రమే చూపగలదు. నిలువు గీతలు నల్లగా, వాటిని కలిపే చోట్లు వెలిసిపోయినట్టు కనిపించేది ఇందుకే. నిటారు 'ఇ' అక్షరంలో అడ్డగీత మాసిపోతే దూరం నుంచి 'సి' లాగే ఉంటుంది.

దీనికన్నా ప్రమాదం మైనస్ గుర్తుతో. కంప్యూటర్ మోడర్న్‌లో భిన్నం గీత మందం ఫాంటు సైజులో 0.04 వంతు, 16 పిక్సెళ్లకు 0.64 పిక్సెల్. మైనస్ గుర్తు గీత కూడా ఆ మందమే. భిన్నం గీతను, వెబ్ పేజీలో సూత్రాలు చూపే కేటెక్ లాంటి లైబ్రరీ విడిగా గీస్తుంది కాబట్టి 'ఒక పిక్సెల్‌కు తగ్గొద్దు' అని నియమం పెట్టగలదు, పెట్టింది కూడా. మైనస్ మాత్రం ఫాంటులోని అక్షరం, దానికి ఆ కాపుదల లేదు. అది ఘాతాంకంలోకి వెళ్లి 70 శాతానికి తగ్గితే 0.45 పిక్సెల్ అవుతుంది. 10 ఘాతం మైనస్ 3 అని రాస్తే, మామూలు మానిటర్ మీద తొందరలో చూసేవాళ్లకు 10 ఘాతం 3 లాగా కనిపించవచ్చు. విలువ పది లక్షల రెట్లు మారిపోయింది!

క్నూత్‌కు ఇది తెలియక కాదు. 7 పాయింట్లకూ, 5 పాయింట్లకూ ఆయన అక్షరాలను విడిగా, కాస్త వెడల్పుగా, గీతలు దళసరిగా రూపొందించాడు. అచ్చులో ఘాతాంకాలకు ఆ అక్షరాలే వస్తాయి. స్క్రీన్ మీద చాలాచోట్ల ఆ ఏర్పాటు పోయి, 10 పాయింట్ల అక్షరాన్నే నొక్కి చిన్నది చేస్తారు. కేటెక్ చేసేది కూడా అదే, ప్రధాన ఫాంటును 0.7తో గుణిస్తుంది. ఓపెన్‌టైప్ గణిత ఫాంట్లలో దీనికి 'ఎస్ఎస్‌టీవై' అనే ఫీచర్ ఉంది: ఘాతాంకాల కోసం విడిగా గీసిన అక్షరాలు అందులో ఉంటాయి. మీ ఫాంటులో అది ఉందో లేదో చూడండి. ఉండి కూడా ఘాతాంకాలు సన్నగానే కనిపిస్తుంటే బ్రౌజర్ దాన్ని వాడుతోందో లేదో చూడండి, వాడకపోతే సీఎస్ఎస్‌లో ఫాంట్-ఫీచర్-సెట్టింగ్స్‌తో అడగవచ్చు.

ఫోన్‌లో మాత్రమే పరీక్షించేవాళ్లు ఇవన్నీ గమనించరు. పిక్సెల్ నిష్పత్తి 3 (పేజీ లెక్కలో ఒక పిక్సెల్‌కు తెర మీద మూడు) ఉన్న ఫోన్‌లో ఆ 0.64 పిక్సెల్ దాదాపు 2 అసలు పిక్సెళ్లవుతుంది, గీత చక్కగా పడుతుంది. నిష్పత్తి 1 ఉన్న పాత మానిటర్, 125 శాతం స్కేలింగ్‌లో నడిచే విండోస్ ల్యాప్‌టాప్, ఈ రెండింటిలో నిలబడిన ఫాంటు ఎక్కడైనా నిలబడుతుంది.

నా వరుస ఇది. అక్షరాల కొనల్లో చిన్న కాళ్లుండే సెరిఫ్ పాఠం పక్కన స్టిక్స్ టూ మ్యాథ్ మొదట ప్రయత్నిస్తాను. 1995లో శాస్త్ర ప్రచురణ సంస్థలు కలిసి మొదలుపెట్టిన స్టిక్స్ ప్రాజెక్టుకు టైరో టైప్‌వర్క్స్ చేతిలో 2016లో వచ్చిన కొత్త రూపం అది. టైమ్స్ వరస అక్షరాలే, కానీ సన్నగీతలు మరీ సన్నం కావు, గుర్తుల జాబితా చాలా పెద్దది. కొంచెం వెడల్పైన, నిండైన అక్షరం కావాలంటే టెక్ జైర్ పజెల్లా మ్యాథ్, ఇది పాలటీనో వరస. లిబర్టినస్ మ్యాథ్ కూడా మంచిదే. పాఠం ఆ కాళ్లు లేని సాన్స్ అయితే ఫిరా మ్యాథ్. కంప్యూటర్ మోడర్న్ రూపమే కావాలన్న పట్టుదల ఉంటే న్యూ కంప్యూటర్ మోడర్న్‌లో 'బుక్' అనే కాస్త దళసరి రకం ఉంది, లాటిన్ మోడర్న్ మ్యాథ్ బదులు అది తీసుకోండి. కేంబ్రియా మ్యాథ్ స్క్రీన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినది, చిన్న సైజుల్లో గట్టిగా నిలబడుతుంది. అయితే అది మైక్రోసాఫ్ట్ సొత్తు, మీ సర్వర్ నుంచి పంపడానికి హక్కు లేదు. మొదట చెప్పిన స్టిక్స్ టూ, లిబర్టినస్, ఫిరా మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్సువి.

గుర్తులు ఉన్నంత మాత్రాన గణిత ఫాంటు కాదు

టైమ్స్ న్యూ రోమన్‌లో సమాకలని గుర్తు ఉంది, సంకలనం గుర్తు ఉంది, గ్రీకు అక్షరాలున్నాయి. అయినా అది గణిత ఫాంటు కాదు. గణిత ఫాంటు అనిపించుకోవాలంటే 'మ్యాథ్' అనే పట్టిక ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007తో కేంబ్రియా మ్యాథ్‌లో మొదటిసారి వచ్చింది, తర్వాత ఓపెన్‌టైప్‌లో భాగమైంది. భిన్నం గీత ఏ ఎత్తులో ఉండాలి, ఎంత మందం, వర్గమూలం గీతకూ లోపలి రాశికీ ఎంత ఖాళీ, ఘాతాంకం ఎంత పైకి లేవాలి, టోపీ గుర్తు అక్షరం మీద ఏ చోట కూర్చోవాలి, బ్రాకెట్టు సాగాలంటే ఏ ముక్కలు అతకాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. ఆ పట్టిక లేని ఫాంటు ఇస్తే బ్రౌజర్ ఊహించి పెడుతుంది, ఊహ ఊహలాగే ఉంటుంది.

పట్టిక ఉందో లేదో చూడడం నిమిషం పని. ఫాంటు ఫైళ్లను విప్పి చూసే ఫాంట్‌టూల్స్‌లోని టీటీఎక్స్ కమాండుతో ఫాంటులోని పట్టికల జాబితా రప్పించి అందులో 'మ్యాథ్' కోసం వెతకండి. ఉంటే ఆ ఒక్క పట్టికను ఎక్స్‌ఎంఎల్‌గా బయటికి తీసి చదవవచ్చు, పైన చెప్పిన శాతాలు, మందాలు అక్కడే అంకెల్లో కనిపిస్తాయి. మందాన్ని ఫాంటు యూనిట్లలో ఇస్తారు. ఎమ్‌కు, అంటే ఫాంటు సైజంత కొలతకు, 1000 యూనిట్లున్న ఫాంటులో భిన్నం గీత 40 అంటే 0.04 వంతు అని అర్థం. 55, 60 ఉంటే స్క్రీన్‌కు నాకు సంతోషం.

పట్టిక ఉన్నా అంతా ఉన్నట్టు కాదు. బ్రాకెట్టు సాగడానికి రెండు దారులు: ముందే గీసి పెట్టిన కొన్ని పెద్ద సైజులు, అవి చాలకపోతే పైముక్క, కిందిముక్క, మధ్యలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క కలిపి అతికింపు. అతికింపు సమాచారం లేని గుర్తు ఒక హద్దు దాటి పెరగదు. ఏడు వరుసల మాత్రిక పెడితే బ్రాకెట్టు నాలుగైదు వరుసల దగ్గరే ఆగిపోతుంది. అతికింపు ఉన్నచోట ఇంకో బాధ: జూమ్ 110, 125 శాతాల్లో ముక్కలు పిక్సెల్ హద్దు మీద పడక, అతుకు దగ్గర లేత గీత కనిపిస్తుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎంత ఎక్కాలో ఫాంటు చెప్పే కనీస విలువ మరీ తక్కువైతే ఇలా జరుగుతుంది. వర్గమూలం గుర్తు కొనకూ పై గీతకూ మధ్య గంటు పడడానికి కారణం వేరు. గుర్తు ఒక ఫాంటు నుంచి, గీత మందం ఇంకో ఫాంటు నుంచి వచ్చినప్పుడు ఆ రెండూ కలవవు. గంటు కనబడగానే ఫాంటు సరిగ్గా లోడయిందా అని చూడండి, సైజులు సర్దుతూ కూర్చోకండి.

పోలికలు, ఖాళీ గదులు

అక్షరాలను విడివిడిగా చూడకూడదు, జతలుగా పెట్టి చూడాలి. ఇటాలిక్ 'వి', గ్రీకు 'న్యూ'. 'డబ్ల్యూ', 'ఒమేగా'. 'పి', 'రో'. 'ఎక్స్', 'కై', గుణకారం గుర్తు. చిన్నబడి 'ఎల్', పెద్దబడి 'ఐ', అంకె 1, నిలువు గీత. ఈ నాలుగింటి దగ్గర సాన్స్ ఫాంట్లు ఎక్కువగా దెబ్బతింటాయి, ఎల్ కింద చిన్న వంపు ఉన్నది చూసి తీసుకోండి. శూన్యసమితి గుర్తు, 'ఫై' ఇంకో జత. ఫైకి రెండు రూపాలున్నాయి: ఒకే ఊపులో గీసే వంకర రూపం యూనికోడ్ 03సి6, నిలువు గీత గుచ్చిన రూపం 03డి5. చాలా పాత ఫాంట్లలో ఈ రెండూ తారుమారుగా ఉంటాయి, కాబట్టి రెండూ టైప్ చేసి కళ్లతో చూసుకోవాలి.

మైనస్ కోసం కీబోర్డులోని హైఫన్ వాడితే ఏ ఫాంటూ కాపాడలేదు. మైనస్ యూనికోడ్ 2212. ప్లస్ గుర్తు అడ్డగీత వెడల్పూ, ఎత్తూ మైనస్‌కు సరిపోయేలా గీస్తారు. హైఫన్ పొట్టిగా, కిందికి జారి ఉంటుంది. టెక్ రాతను మార్చే లైబ్రరీలు సూత్రంలోని హైఫన్‌ను మైనస్‌గా మారుస్తాయి, పాఠంలో నేరుగా టైప్ చేసిన 'హైఫన్ 5'ను ఎవరూ మార్చరు.

ఒక్క 'హెచ్' మాత్రం వేరే ఫాంటులో కనిపించడం తరచూ ఎదురయ్యే చిక్కు. యూనికోడ్‌లో గణిత అక్షరాలకు 1డి400 నుంచి 1డి7ఎఫ్ఎఫ్ దాకా విడి గదులున్నాయి. అందులో ఇటాలిక్ చిన్నబడి అక్షరాల వరుసలో హెచ్ గది ఖాళీ, ఎందుకంటే ప్లాంక్ స్థిరాంకం గుర్తుగా ఆ అక్షరం అప్పటికే 210ఇ దగ్గర ఉంది. ఫాంటు కత్తిరించేటప్పుడు 1డి400 నుంచి ఉన్న గదులను మాత్రమే ఉంచితే హెచ్ పోతుంది, బ్రౌజర్ ఇంకెక్కడి నుంచో తెచ్చి అతికిస్తుంది. వాస్తవ సంఖ్యల సమితికి రాసే జంటగీతల 'ఆర్' కూడా అంతే, దాని చోటు 211డి. సహజ సంఖ్యలు, పూర్ణాంకాలు, సంకీర్ణ సంఖ్యల గుర్తులూ ఆ పాత వరుసలోనే ఉన్నాయి. 2100 నుంచి 214ఎఫ్ వరకు వరుస మొత్తం ఉంచేస్తే గొడవ లేదు.

పాఠంతో జత కుదర్చడం

పాఠం ఫాంటూ సూత్రం ఫాంటూ ఒకే సైజు అంకెలో ఉంటే సరిపోయినట్టు కాదు, చిన్నబడి ఎక్స్ ఎత్తులు కలవాలి. టైమ్స్ న్యూ రోమన్‌లో ఆ ఎత్తు సుమారు 0.448, జార్జియాలో 0.481, ఏరియల్‌లో 0.519, వెర్డానాలో 0.545. కంప్యూటర్ మోడర్న్‌ది 0.431. ఏరియల్ పక్కన సరిపోవాలంటే 0.519 ÷ 0.431, అంటే 1.2 రెట్లు పెంచాలి. కేటెక్ తనంతట తాను 1.21 రెట్లు పెంచుతుంది, కాబట్టి ఏరియల్ లాంటి సాన్స్ పాఠం పక్కన అది ఒదిగిపోతుంది. అదే టైమ్స్ పాఠం పక్కన కావలసింది 1.04 మాత్రమే. 1.21 ఉంచేస్తే సూత్రాలు వాక్యంలోంచి అరుస్తున్నట్టు ఉంటాయి. జార్జియాకు 1.12 దగ్గర పెట్టండి. కేటెక్ లాంటిదే ఇంకో లైబ్రరీ మ్యాథ్‌జాక్స్‌లో చుట్టూ ఉన్న పాఠాన్ని కొలిచి ఎత్తు కలిపే ఏర్పాటు ఉంది. సూత్రాలను ట్యాగులతో రాసే మ్యాథ్‌ఎంఎల్ వాడితే సీఎస్ఎస్‌లో ఫాంట్-సైజ్-అడ్జస్ట్‌కు పాఠం ఫాంటు నిష్పత్తి ఇస్తే చాలు.

జార్జియా అంకెలు పాతకాలపు ధోరణిలో కిందికీ పైకీ పోతాయి. వాక్యంలో 3 కిందికి వేలాడి, పక్క సూత్రంలో 3 నిటారుగా నిలబడితే రెండూ వేర్వేరు సంఖ్యల్లా అనిపిస్తాయి. గణితం ఎక్కువగా ఉండే పేజీకి అంకెలన్నీ ఒకే ఎత్తులో ఉండే పాఠం ఫాంటే మేలు.

కేంబ్రియా మ్యాథ్‌ను పేరాకు మొత్తంగా పెట్టొద్దు. సాగే గుర్తుల కోసం దాని పై కింది హద్దులు చాలా దూరంగా పెట్టారు, వరుసల మధ్య దూరం విపరీతంగా పెరిగిపోతుంది. ఏ గణిత ఫాంటునైనా సూత్రం ట్యాగుకే ఇవ్వాలి. వాక్యం మధ్యలో భిన్నాలు వచ్చే పేజీలో వరుస ఎత్తు 1.6 దగ్గర పెడితే వరుసలు ఎగుడుదిగుడు కాకుండా ఉంటాయి.

శీర్షికలో సూత్రం వస్తే దాన్ని బోల్డ్ చేయకండి. గణిత ఫాంట్లలో చాలావాటికి ఒకే మందం ఉంటుంది, బ్రౌజర్ దొంగ బోల్డ్ పూస్తే అతుకులు చెడతాయి. అంతకన్నా ముఖ్యం, గణితంలో బోల్డ్‌కు అర్థం ఉంది: మామూలు 'వి' అదిశ, బోల్డ్ 'వి' సదిశ. ఫాంట్-సింథసిస్‌ను 'నన్' చేసి పెట్టండి.

తెలుగు పాఠంలో సూత్రాలు రాసేవాళ్లకు ఇంకో సంగతి. మన లిపిలో చిన్నబడి ఎక్స్ ఎత్తు అనే కొలతే లేదు, కాబట్టి తెలుగు ఫాంటులోని అంకెల ఎత్తును సూత్రంలోని అంకెల ఎత్తుతో కలపండి. సూత్రం లోపల తెలుగు మాట పెట్టినప్పుడు జరిగేది దగ్గరగా చూడదగ్గది. గణిత ఫాంట్లలో తెలుగు ఉండదు, అక్షరాలు ఇంకో ఫాంటు నుంచి వస్తాయి. కేటెక్ దగ్గర వాటి కొలతలు లేవు, అందుకని ప్రతి అక్షరానికీ ఇంగ్లీషు పెద్దబడి 'ఎమ్' ఎత్తే అనుకుంటుంది. ఆ అక్షరానికి వరుస ఆధారగీత కింద భాగం లేదు, మన 'ప్రస్థానం'లో క్రావడీ, థ వత్తూ ఆధారగీత కిందికి దిగుతాయి. లవంలో 'ప్రస్థానం' అని, హారంలో 'కాలం' అని రాస్తే వత్తులు నేరుగా భిన్నం గీతను తాకుతాయి, ఒక్కోసారి కోస్తాయి. విరుగుడు ఏమిటంటే, ఆ మాట పక్కన వెడల్పు సున్నా, కిందికి 0.4 ఎమ్, మొత్తం ఎత్తు 1.2 ఎమ్ ఉండే కనిపించని రూల్ ఒకటి పెట్టడం. టెక్ రూల్ కమాండుకు మైనస్ 0.4 ఎమ్ జరుపు ఇస్తే సరిపోతుంది. భిన్నం గీత ఆ మేరకు జరిగి వత్తులకు చోటిస్తుంది. వీలైతే సూత్రంలో ఒక అక్షరం పెట్టి, దాని అర్థం కింద వాక్యంలో చెప్పడం ఇంకా శుభ్రం.

పాఠకుడి దగ్గరికి చేర్చడం

కేటెక్‌లో సీఎస్ఎస్ మార్చి వేరే ఫాంటు పెట్టడం కుదరదు. పెడితే పైకి మారినట్టే ఉంటుంది, కానీ ఎత్తులు, వెడల్పులు పాత ఫాంటువే లెక్కలో ఉంటాయి, టోపీలు పక్కకు జారతాయి, మూలాలు అతకవు. ఫాంటు మార్చుకోవాలంటే మ్యాథ్‌జాక్స్ 4 తీసుకోండి, అది స్టిక్స్ టూ, పజెల్లా, ఫిరా వంటివాటిని వాటి వాటి కొలతలతో ఇస్తుంది. లేదా మ్యాథ్‌ఎంఎల్. ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో ముందునుంచీ ఉన్న ఈ దారి 2023 జనవరిలో క్రోమ్ 109తో క్రోమ్‌కూ వచ్చింది. ఇక్కడ బ్రౌజరే మ్యాథ్ పట్టిక చదువుతుంది కాబట్టి ఫాంటు మార్పు ఒక్క లైను పని. పాఠకుడి ఫోన్‌లో గణిత ఫాంటు ఉంటుందని మాత్రం నమ్ముకోకండి, వెబ్ ఫాంటుగా మీరే పంపండి.

గణిత ఫాంట్లు బరువైనవి, వందల కిలోబైట్లు. వెబ్ కోసం కుదించిన ఫార్మాటు వాఫ్2లోకి మార్చి, అవసరంలేని గదులు కత్తిరించాలి. కత్తిరింపు పనిముట్టుకు లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని స్పష్టంగా చెప్పండి. పెద్ద బ్రాకెట్లు, ఘాతాంక రూపాలకు యూనికోడ్ గది ఉండదు, పట్టికల ద్వారానే దొరుకుతాయి. మ్యాథ్ పట్టిక తెలియని కన్వర్టర్ అయితే దాన్ని పూర్తిగా విసిరేస్తుంది. ఫైలు పరిమాణం అనుకున్నదానికన్నా బాగా తగ్గిందంటే సంబరపడకుండా టీటీఎక్స్‌తో మళ్లీ జాబితా చూడండి. ఫాంట్-డిస్‌ప్లేకు 'స్వాప్' బదులు 'బ్లాక్' ఇవ్వండి. స్వాప్‌లో మొదట మ్యాథ్ పట్టిక లేని ఫాంటుతో సూత్రం వికారంగా కనిపించి, తర్వాత పేజీ అంతా కుదుపుతో సర్దుకుంటుంది. ప్రీలోడ్ పెడితే క్రాస్‌ఆరిజిన్ రాయడం మర్చిపోవద్దు, ఫాంటు మీ సర్వర్‌లోనే ఉన్నా అది కావాలి, లేకపోతే ఒకే ఫైలు రెండుసార్లు దిగుతుంది.

చివరగా పరీక్ష పేజీ. మూడు అంతస్తుల ఘాతాంకం, అందులో ఒక మైనస్. నాలుగు మెట్ల గొలుసు భిన్నం. మూలంలో మూలం, దానిలో ఇంకో మూలం. పైనా కిందా హద్దులున్న సమాకలని, సంకలనం. ఏడు వరుసల మాత్రిక. ఇటాలిక్ ఐ, జె, ఎఫ్ మీద టోపీ. ఎఫ్ పక్కన ప్రైమ్ గుర్తు, ఎఫ్ మీద ఘాతాంకం, రెండూ ఎఫ్ వంపును తాకకూడదు. హెచ్, జంటగీతల ఆర్. పైన చెప్పిన జతలన్నీ పాదాంకాలుగా. పాఠాన్ని 14, 16, 18 పిక్సెళ్లలో, జూమ్ 100, 125, 150లో, తెల్ల నేల మీదా నల్ల నేల మీదా చూడాలి. మూడో అంతస్తులోని మైనస్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఎనిమిది రెట్లు పెద్దది చేయండి. ఆ గీత నేలరంగుకు ఎంత దగ్గరగా ఉందో పిక్సెళ్లలోనే కనిపిస్తుంది. సగానికి సగం వెలిసిపోయి ఉంటే ఇంకో ఫాంటు తెరిచి మళ్లీ మొదటి నుంచి చూడండి.